వెల వేరు, విలువ వేరు: సింగపూర్‌లో వ్యక్తిగత సమాచారానికి కట్టిన ధరలు

ఒక మనిషి పేరు, వయసు, ఫోన్ నంబరు, అతను కొన్న వస్తువులు, వెతికిన జబ్బుల పేర్లు: ఇవన్నీ కలిపి బజారులో పెడితే ఎంత పలుకుతాయి? గత పాతికేళ్ళలో ఈ ప్రశ్నకు ఆర్థికశాస్త్రజ్ఞులు, జాబితాలమ్మే దళారులు, జరిమానాలు విధించే అధికారులు, న్యాయమూర్తులు, ప్రకటనల కంపెనీలు తలా ఒక జవాబు చెప్పారు. ఏ రెండు జవాబులూ కలవవు. ఒకచోట సెంటులో ఇరవయ్యో వంతు, మరోచోట నలభై డాలర్ల పైచిలుకు. ఇంత తేడా లెక్కల్లో పొరపాటు వల్ల వచ్చింది కాదు. ప్రతి లెక్కా వేరే మనిషి వేశాడు, వేరే అవసరం కోసం వేశాడు.

ఈ లెక్కల చరిత్రను చూడటానికి సింగపూర్ అనువైన చోటు. చిన్న దేశం, పౌరులందరికీ నంబర్లు, చట్టం అమలు గట్టిది, గూగుల్, ఫేస్‌బుక్ వంటి సంస్థలకు ఆసియా-పసిఫిక్ కేంద్రం. 1975 నుంచి తెలుగు సమాజం ఉన్న ఆ నగరంలో తెలుగువారు కూడా ఈ బజారులో భాగమే. ఇక్కడ వేసిన ధరలను వరుసగా పేర్చి చూస్తే ఒక సంగతి తేలుతుంది: ధర ఎప్పుడూ కొనేవాడి అవసరాన్ని కొలిచింది తప్ప, సమాచారం ఎవరిదో ఆ మనిషికి కలిగే నష్టాన్ని కొలవలేదు.

కూపన్ మీద రాసిన నంబరు

మలయా కమ్యూనిస్టు తిరుగుబాటు కాలంలో, 1948లో, బ్రిటిష్ ప్రభుత్వం ఎమర్జెన్సీ నిబంధనల కింద సింగపూర్ ప్రజలను నమోదు చేసి గుర్తింపు కార్డులిచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1966లో, మళ్ళీ నమోదు జరిపి కొత్త కార్డులిచ్చారు. ఆ కార్డు మీది నంబరు జీవితాంతం మారదు. భద్రత కోసం పుట్టిన ఈ నంబరు క్రమంగా వ్యాపారంలోకి వచ్చింది. దుకాణంలో సభ్యత్వం కావాలన్నా, మాల్‌లో ఉచిత పార్కింగ్ కావాలన్నా, లక్కీ డ్రా పెట్టెలో కూపన్ వేయాలన్నా పేరు, ఫోను, గుర్తింపు నంబరు రాసివ్వడం మామూలైపోయింది. ఆ కూపనే ఈ చరిత్రలో తొలి ధరల పట్టిక అనుకోవచ్చు. బహుమతి గెలిచే ఓ చిన్న అవకాశానికి బదులుగా జీవితాంతం మారని నంబరు చేతులు మారింది. ఇది బేరం అన్న స్పృహ ఇచ్చినవారికి పెద్దగా ఉండేది కాదు.

ఈ అలవాటును మాన్పించడానికి చాలా ఏళ్ళు పట్టింది. చట్టం కోరినప్పుడో, మనిషిని కచ్చితంగా గుర్తుపట్టడం తప్పనిసరి అయినప్పుడో తప్ప సంస్థలు ఆ నంబరును సేకరించకూడదని వ్యక్తిగత సమాచార రక్షణ కమిషన్ 2018లో మార్గదర్శకాలిచ్చింది. అవి 2019 సెప్టెంబరు 1 నుంచి అమలయ్యాయి. ఉద్యోగాల కోసం వచ్చిన విదేశీయుల నంబర్లకూ అవే వర్తిస్తాయి.

ప్రయోగశాలలో వెల

ఇంటర్నెట్ వ్యాపారం మొదలైన కొత్తలో సింగపూర్‌లో ప్రైవేటు సంస్థలన్నిటికీ వర్తించే సమాచార రక్షణ చట్టం లేదు. 2002లో వచ్చిన నమూనా నియమావళిని పాటించడం సంస్థల ఇష్టం. సరిగ్గా ఆ రోజుల్లోనే కొందరు పరిశోధకులు గోప్యతకు వెల కట్టే పని చేపట్టారు. కై-లుంగ్ హుయి, సాంగ్-యాంగ్ టామ్ లీ తదితరులు అమెరికా, సింగపూర్ విద్యార్థుల ముందు రకరకాల వెబ్‌సైట్ల నమూనాలుంచారు. ఒకదానిలో డబ్బు ఎక్కువ, రక్షణ తక్కువ. మరొకదానిలో సౌకర్యం ఎక్కువ, డబ్బు తక్కువ. ఎవరు దేనిని ఎంచుకున్నారో చూసి ధర రాబట్టారు. తప్పులు దొర్లకుండా, అనధికారులు చూడకుండా, వేరే పనికి వాడకుండా ఉండే రక్షణ అమెరికా విద్యార్థుల దృష్టిలో 30.49 నుంచి 44.62 డాలర్ల విలువ చేస్తుందని తేలింది. మనుషులు మూడు రకాలుగా విడిపోయారు: గోప్యతను కాపాడుకునేవారు, సమాచారాన్ని అమ్ముకునేవారు, సౌకర్యం కోరుకునేవారు.

అయితే ఎంపిక చేసుకోమని అడిగితే చెప్పేది ఒకటి, నిజంగా చేసేది ఒకటి. అందుకని హుయి, లీ, హాక్-హాయ్ టియో కలిసి సింగపూర్‌లోనే ఒక స్థానిక సంస్థ అసలు వెబ్‌సైటు మీద ప్రయోగం చేశారు. ఇది ప్రయోగమని అందులో పాల్గొన్నవారికి తెలియదు. 2007లో ప్రచురితమైన ఫలితాలు ఆసక్తికరమైనవి. డబ్బు ఆశ చూపితే వివరాలిచ్చేవారు పెరిగారు. ప్రశ్నలు ఎక్కువైతే తగ్గారు. గోప్యతా ప్రకటన ఒకటి పేజీలో ఉంటే ఎక్కువమంది వివరాలిచ్చారు. కానీ ఆ హామీని మూడో సంస్థ తనిఖీ చేసిందని చెప్పే ముద్ర ఉన్నా లేకపోయినా తేడా కనిపించలేదు. అంటే, సంస్థ తన గురించి తానే చెప్పుకున్న మాట పనిచేసింది. ఇతరులు ఇచ్చిన సాక్ష్యం పనిచేయలేదు.

అమెరికాలో అలెసాండ్రో అక్విస్తీ బృందం 2013లో ప్రచురించిన మరో ప్రయోగం ఈ ధరల మీద ఇంకా పెద్ద అనుమానం రేకెత్తించింది. పిట్స్‌బర్గ్ ప్రాంతపు మాల్‌లో కొందరికి పది డాలర్ల కార్డు ఇచ్చారు. దానితో ఏం కొన్నారో ఎవరికీ తెలియదు. మరికొందరికి పన్నెండు డాలర్ల కార్డు ఇచ్చారు. కొనుగోళ్ళన్నీ వారి పేరుతో నమోదవుతాయి. కావాలంటే మార్చుకోవచ్చన్నారు. పది డాలర్ల కార్డు అందుకున్నవారిలో సగానికి పైగా దానినే ఉంచుకున్నారు. పన్నెండు డాలర్లది అందుకున్నవారిలో గోప్యత కోసం రెండు డాలర్లు వదులుకున్నవారు పదోవంతు కూడా లేరు. గోప్యత ముందే చేతిలో ఉన్నవారు దానిని రెండు డాలర్లకు వదలలేదు. లేనివారు రెండు డాలర్లిచ్చి కొనుక్కోలేదు. మొదట ఎవరి చేతిలో ఏముందో దానిని బట్టే ధర తేలితే, ఆ 'మొదట'ను నిర్ణయించేవారే ధరను నిర్ణయించినట్టు. వెబ్‌సైట్లలో దానిని నిర్ణయించేది సంస్థలే.

అడగకుండానే తెలుసుకునే యంత్రం

పై ప్రయోగాలలో మనిషిని ఎవరో ఒకరు అడుగుతున్నారు. ప్రకటనల వ్యాపారం అప్పటికే అడగనవసరం లేని దారి కనిపెట్టింది. 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటులి, ఒక బ్రౌజరు మళ్ళీ వస్తే వెబ్‌సైటు గుర్తుపట్టేందుకు 'కుకీ' అనే చిన్న గుర్తును రూపొందించాడు. అదే ఏడాది అక్టోబరులో హాట్‌వైర్డ్ పత్రిక వెబ్‌సైటులో తొలి బ్యానర్ ప్రకటనలు వెలిశాయి. ఆ రెండూ కలిశాక, ఒక సైటులో చూసినదానిని బట్టి మరో సైటులో ప్రకటన వేయడం సాధ్యమైంది. ఇప్పుడు పేజీ తెరుచుకునే లోపు, సెకనులో కొద్ది భాగంలో, ఆ మనిషి కళ్ళ ముందున్న ఖాళీ జాగాకు వేలం జరిగిపోతుంది. పాటలో పాల్గొనేవి కంపెనీల యంత్రాలు. వేలం జరిగినట్టు కూడా చూసేవారికి తెలియదు.

ఈ బజారులో చిల్లర ధరలు ఎలా ఉంటాయో 2013లో ఫైనాన్షియల్ టైమ్స్ లెక్కగట్టి చూపింది. అమెరికా దళారుల దగ్గర వయసు, లింగం, నివాసం వంటి మామూలు వివరాలు వెయ్యి మందివి కలిపి అర డాలరు. గర్భిణి అని తెలిస్తే తలకు 11 సెంట్లు. ఫలానా జబ్బు ఉన్నవారి, ఫలానా మందు వాడేవారి జాబితా అయితే తలకు 26 సెంట్లు. మామూలు మనిషికీ రోగికీ మధ్య తేడా ఐదు వందల రెట్లకు పైనే.

ఈ తేడాకు కారణం వైద్యం తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది. మధుమేహం అన్న ఒక్క మాటలో దశాబ్దాల పాటు కొనవలసిన మందులు, పరీక్ష పట్టీలు, కళ్ళ పరీక్షలు, బీమా ప్రీమియం దాగి ఉన్నాయి. కొనేవాడు కొంటున్నది జబ్బు రహస్యాన్ని కాదు, రాబోయే ఖర్చుల వరుసను. పైగా జబ్బు వివరం ఒక్కరిది కాదు. తండ్రికి చిన్న వయసులో గుండెపోటు వచ్చిందని తెలిస్తే పిల్లల గురించి కూడా కొంత తెలిసినట్టే. ఆయన సమ్మతితో ఆయన వివరం అమ్ముడైనా, పిల్లల సమ్మతి ఎవరూ అడగలేదు. వ్యక్తిగత సమాచారాన్ని సొంత ఆస్తిలాగా అమ్ముకోవచ్చన్న వాదన ఇక్కడ చిక్కుల్లో పడుతుంది.

జాబితాలు, జరిమానాలు

సింగపూర్ పార్లమెంటు 2012 అక్టోబరులో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. ప్రకటనల ఫోన్లు, సందేశాలు వద్దనుకునేవారి నమోదు పట్టిక 2014 జనవరి 2న, చట్టంలోని ప్రధాన నియమాలు అదే ఏడాది జూలై 2న అమల్లోకి వచ్చాయి. ప్రభుత్వ సంస్థలు ఈ చట్టం పరిధిలోకి రావు. వాటికి వేరే నియమాలున్నాయి. చట్టం సమాచారాన్ని ఆస్తి అనలేదు. ఫలానా పని కోసమని చెప్పి, సమ్మతి తీసుకుని, ఆ పనికే వాడాలంది. ప్రకటనల కోసం వ్యక్తిగత సమాచారాన్ని సేకరించే కుకీలకూ సమ్మతి కావాలని, బ్రౌజరు సెట్టింగులు మార్చకపోవడాన్ని సమ్మతిగా భావించకూడదని కమిషన్ మార్గదర్శకాలు చెప్పాయి.

చట్టం వచ్చాక కొత్త రకం ధరలు కనబడసాగాయి. పట్టికలో ఉన్నవారికి సందేశాలు పంపినందుకు 2014లో ఒక ట్యూషన్ ఏజెన్సీకి, దాని డైరెక్టరుకు చెరి 39,000 సింగపూర్ డాలర్ల జరిమానా పడింది. పేర్ల జాబితాలు కొని, సమ్మతి లేకుండా తిరిగి అమ్మిన ఒక వ్యక్తికి 2018లో 6,000 డాలర్లు, అదే తరహా వ్యాపారం చేసిన ఒక సంస్థకు 2019లో 48,000 డాలర్లు విధించారు. టెలిమార్కెటింగ్ చేసేవారి మధ్య జాబితాలు సరుకులా చేతులు మారుతున్న సంగతి ఈ తీర్పుల వల్లే బయటపడింది.

భద్రత లోపించినందుకు వేసిన జరిమానాలు వేరే కథ చెబుతాయి. కరావొకే సంస్థ కె బాక్స్ దగ్గరున్న 3,17,000 మంది సభ్యుల వివరాలు 2014లో బయటకు పొక్కాయి. 2016లో ఆ సంస్థకు 50,000 డాలర్ల జరిమానా పడింది; తలకు 16 సెంట్లు. 2018లో సింగ్‌హెల్త్ వైద్యసంస్థల సమూహం మీద జరిగిన సైబర్ దాడిలో 15 లక్షల మంది రోగుల వివరాలు, వారిలో 1,60,000 మంది మందుల చీటీల వివరాలు పోయాయి. అప్పటి ప్రధాని లీ షియెన్ లూంగ్ వివరాలూ అందులో ఉన్నాయి. మరుసటి జనవరిలో సింగ్‌హెల్త్‌కు 2,50,000 డాలర్లు, దాని కంప్యూటర్ వ్యవస్థలు నిర్వహించే సంస్థకు 7,50,000 డాలర్లు జరిమానా విధించారు. మొత్తం పది లక్షలు. తలకు 67 సెంట్లు.

జరిమానా అంటే సరుకు ధర కాదు, తప్పుకు శిక్ష. ఆ సొమ్ము కూడా రోగులకు చేరదు. అయినా ఈ భాగహారం ఒక విషయం స్పష్టం చేస్తుంది. అప్పటి చట్టం ప్రకారం ఒక సంస్థకు గరిష్ఠ జరిమానా పది లక్షలే కాబట్టి, పోయిన వివరాలు ఎంత ఎక్కువమందివైతే తలకు పడే శిక్ష అంత తక్కువ. 2020లో చట్టాన్ని సవరించి, స్థానికంగా ఏటా కోటి డాలర్లకు పైగా వ్యాపారం చేసే సంస్థలకు గరిష్ఠ పరిమితిని ఆ వ్యాపారంలో పది శాతానికి పెంచారు. అది 2022 అక్టోబరు నుంచి అమల్లో ఉంది.

ఊరు మారితే ధర మారడం

సింగ్‌హెల్త్ దాడి జరిగిన ఏడాదే సింగపూర్‌లో 140 కోట్ల సింగపూర్ డాలర్లతో డేటా సెంటర్ కడతామని ఫేస్‌బుక్ ప్రకటించింది. ఆ ఏడాది చివరి మూడు నెలలకు ఒక్కో వాడుకరి నుంచి తనకు వచ్చిన సగటు ఆదాయాన్ని ఆ కంపెనీ ప్రాంతాలవారీగా వెల్లడించింది: అమెరికా, కెనడాలలో 34.86 అమెరికన్ డాలర్లు, ఐరోపాలో 10.98, ఆసియా-పసిఫిక్‌లో 2.96. సింగపూర్, భారతదేశం రెండూ ఈ మూడో గడిలోనే ఉన్నాయి.

తెనాలి నుంచి సింగపూర్ వచ్చిన ఇంజినీరు ఒకరు కొన్నేళ్ళకు న్యూజెర్సీ వెళ్ళారనుకుందాం. పేరు అదే, స్నేహితులు వారే, చూసే తెలుగు పాటలు అవే. సగటు లెక్కలో మాత్రం ఆ మనిషి విలువ దాదాపు పన్నెండు రెట్లవుతుంది. పెరిగింది ఆయన గురించి తెలిసిన సమాచారం కాదు. ఆయన ముందు నిలబడటానికి పోటీపడే అమ్మకందార్లు, ఆయన జేబులో ఉంటుందని వారు నమ్మే డబ్బు. వలస కూడా వారికి ఒక వివరమే. ఒకప్పుడు భారతదేశంలో నివసించి ఇప్పుడు బయట ఉంటున్నవారిని విడిగా ఎంచుకునే వీలును ఫేస్‌బుక్ ప్రకటనదారులకు కల్పించింది. ఇంటికి డబ్బు పంపే సేవలకు, హైదరాబాదు శివార్లలో ప్లాట్లు అమ్మేవారికి ఆ ఒక్క వివరం చాలు.

ఈ ఆదాయమంతా వ్యక్తిగత సమాచారం వల్లే వచ్చిందనడం సరికాదు. ఎవరో తెలియని మనిషికి చూపే ప్రకటనకూ కొంత రాబడి ఉంటుంది. అసలు తేడా ఎంత అన్నదానిపై పరిశోధకులే ఏకాభిప్రాయానికి రాలేదు. 2019లో అక్విస్తీ తదితరులు జరిపిన పరిశీలనలో, కుకీ ఉంటే ప్రచురణకర్తకు అదనంగా వచ్చేది నాలుగు శాతమే. మరుసటి ఏడాది వెలువడిన మరో పరిశోధనలో, తమను గమనించవద్దన్నవారికి చూపిన ప్రకటనలకు 52 శాతం తక్కువ పలికింది. ఇక వేదికల విషయానికొస్తే, 2021లో ఐఫోన్ వాడేవారిని ముందుగా అనుమతి అడగాలని ఆపిల్ షరతు పెట్టినప్పుడు, దానివల్ల 2022లో తమ రాబడికి దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల గండి పడవచ్చని మెటా చెప్పింది. అడిగితే చాలామంది వద్దంటారన్న అంచనా ఆ అంకెలోనే ఉంది.

న్యాయస్థానంలో తలసరి లెక్క

సమాచారం పోయినవారికి పరిహారం ఎంత అన్న ప్రశ్న లండన్‌లోనూ సింగపూర్‌లోనూ దాదాపు ఒకే కాలంలో తలెత్తింది. ఐఫోన్ వాడేవారి బ్రౌజింగును వారి అనుమతి లేకుండా గమనించి ప్రకటనలకు వాడుకున్నారంటూ గూగుల్ మీద రిచర్డ్ లాయిడ్ నలభై లక్షల మందికి పైగా ప్రజల తరఫున దావా వేశారు. తలకు 750 పౌండ్లన్న ప్రతిపాదన కూడా వచ్చింది. ఒక్కొక్కరికి ఏ నష్టం జరిగిందో చూపకుండా అందరికీ ఒకే ధర కట్టడం కుదరదని 2021 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చింది.

సింగపూర్ కేసులో ఆర్థిక సేవల సంస్థ మాజీ ఉద్యోగి ఒకరు, పాత సంస్థ ఖాతాదారు వివరాలతో తన కొత్త సంస్థ కోసం ఆయనను సంప్రదించారు. సమాచారం మీద అదుపు పోవడం గాని, మనోవేదన గాని చట్టం చెప్పిన 'నష్టం' కిందకు రావని 2021లో హైకోర్టు భావించింది. 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు దానిని సవరించింది: మనోవేదన నష్టమే, కేవలం అదుపు పోవడం మాత్రం చాలదు. బాధకు న్యాయస్థానం గుర్తింపునిచ్చింది. ఎవరికి, ఎంత అన్నది విడివిడిగా నిరూపించుకోవాలంది. ప్రకటనల బజారు మనిషిని సగటుగా చూస్తే, ఈ తీర్పు ఒక్కొక్కరినీ విడిగా చూసింది. అయితే సగటున కొన్ని సెంట్ల కోసం ఏ ఒక్కరూ న్యాయవాదిని పెట్టుకోరన్నది కూడా నిజం.

వెల కట్టినా మిగిలిపోయేది

గమనించకుండా ఉండటానికి బహిరంగంగా వెల కట్టినది ఐరోపాలో. 2023 నవంబరులో మెటా, ప్రకటనలు వద్దనుకునేవారు వెబ్‌సైటులో అయితే నెలకు 9.99 యూరోలు, ఫోనులో అయితే 12.99 యూరోలు చెల్లించాలంది. ఆ త్రైమాసికంలో ఐరోపా వాడుకరి మీద ఫేస్‌బుక్ సగటు రాబడి 23.14 డాలర్లు, అంటే నెలకు ఎనిమిది డాలర్ల లోపే. డబ్బు కట్టండి లేదా ఒప్పుకోండి అన్న ఈ పద్ధతి డిజిటల్ మార్కెట్ల చట్టానికి విరుద్ధమంటూ 2025 ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ 20 కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఈ లాభాన్ని ప్రజలకు పంచితే సరిపోతుందన్న వాదన ఒకటుంది. 2018 చివరి త్రైమాసికపు రేటునే ఏడాదంతా లెక్కించి, ఆదాయమంతా పంచిపెట్టినా ఆసియా-పసిఫిక్ వాడుకరికి ఏటా పన్నెండు డాలర్లు కూడా రావు. సమ్మతి కొనడానికి అదే సరైన ధర అనుకుంటే, సమ్మతి చాలా చవక.

సింగపూర్‌లోనే జరిగిన మరో సంఘటన ఈ లెక్కకు అందదు. కోవిడ్ వ్యాప్తిని గుర్తించడానికి 2020 మార్చిలో ప్రభుత్వం ట్రేస్‌టుగెదర్ యాప్ తెచ్చింది. ఆ సమాచారాన్ని రోగి ఎవరెవరిని కలిశాడో కనుక్కోవడానికే వాడతామని చెప్పింది. నేర విచారణలో పోలీసులు కూడా దానిని తీసుకోగలరని 2021 జనవరిలో పార్లమెంటులో తెలిసినప్పుడు ప్రజల్లో అసంతృప్తి రేగింది. ఫిబ్రవరిలో ప్రత్యేక చట్టం తెచ్చి ఏడు రకాల తీవ్ర నేరాలకే దానిని పరిమితం చేశారు. అక్కడ ప్రకటనలు లేవు, అమ్మకం లేదు, ఎవరికీ ఒక్క సెంటు రాలేదు. మారినది ప్రయోజనం ఒక్కటే. ఆ మార్పే జనాన్ని కలవరపెట్టింది.

తెలుగులో వెల, విలువ అని రెండు మాటలున్నాయి. ఈ చరిత్రలో కనిపించిన అంకెలన్నీ వెలలే. ఒక మధుమేహ రోగి పేరు జాబితాలో 26 సెంట్లే కావచ్చు. అది బీమా సంస్థ చేతిలో పడితే ప్రీమియం పెరగవచ్చు; యజమాని చేతిలో పడితే ఉద్యోగం రాకపోవచ్చు; పెళ్ళి సంబంధం చూస్తున్నవారి చేతిలో పడితే కూతురి పెళ్ళి ఆగవచ్చు. అదే వివరం వైద్యుడి చేతిలో ఉంటే కాలు తీసేయవలసిన పరిస్థితి తప్పవచ్చు. వివరం మారలేదు, అది చేరిన చేయి మారింది. అందుకే సమ్మతి పేజీ కనిపించినప్పుడు ఇస్తే ఏమొస్తుందన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఏ పనికి అడుగుతున్నారు, ఆ పని అయ్యాక ఏం చేస్తారు, ఇంకెవరికి చేరుతుంది, దాంతో ఇంట్లో ఇంకెవరి సంగతి బయటపడుతుంది అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు కావాలి. సింగపూర్ చట్టం వీటిలో మొదటిదానికి స్పష్టమైన జవాబు కోరుతుంది. చివరిదానికి ఏ ధరల పట్టికలోనూ ఇప్పటివరకు గడి లేదు.